సాయంకాలపు గంట: బందరు, గుడివాడ, దివిసీమ పల్లెలలో నిత్యచింతయు క్రైస్తవ విశ్వాసమును

ఈ సంవత్సరపు మహాసభా సంచికకు మనవారి చరిత్రమునుండి యొక ఘట్టమును వ్రాసి పంపవలసినదని సంపాదకవర్గమువారు మమ్ము కోరినప్పుడు మాకు ముందుగా తోచినవి పెద్ద సంగతులే. 1917వ సంవత్సరమున బెజవాడలో భాగ్యరెడ్డివర్మగారి యధ్యక్షతను జరిగిన మహాసభ, అందు పంచమశబ్దమును త్రోసివేసి ఆదిఆంధ్రులమని మనవారు చెప్పుకొనుట, ఆ సభాదినములలో కనకదుర్గ గుడి తలుపులు మూసివేయబడుట, ఇవన్నియు ఇట్టి సంచికలలో పలుమారులు వచ్చియున్నవి. ఆ సభకు పూనుకొన్నవారు గుడివాడలో సేవాశ్రమమును నడపిన గూడూరు రామచంద్రరావుగారని చదువరులెఱుగుదురు. కాని సభలు మూడు దినములు జరుగును. ఏడాదిలో మిగిలిన మూడువందల యఱువదిరెండు దినములను మన పెద్దలెట్లు గడపిరి? రేపటి గింజకును, ఎల్లుండి వడ్డీకిని, జ్వరముతో మూలుగు బిడ్డకును మనస్సు చెదరకుండ దేనిని యూతగా పట్టుకొనిరి? ఈసారి మేము వ్రాయదలచినది దానిని గూర్చియే.

మనలో క్రైస్తవులును కలరు, కానివారును కలరు. అన్న గుడికిని తమ్ముడు చర్చికిని పోవు కుటుంబములు మనలో కొల్లలు. కావున ఇది మతబోధ కాదని ముందే మనవి చేయుచున్నాము. దిగువ కృష్ణాసీమలో, అనగా బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతములలో, మనవారిలో ననేకులు నూఱేండ్లకు పైగా దినదినక్లేశమును భరించినది క్రైస్తవ విశ్వాసమువలన నన్నది చరిత్ర. అది యెట్లు జరిగినదో విచారింతము.

బందరులో చర్చి మిషనరీ సంఘమువారి తెలుగు మిషను 1841లో హెన్రీ వాట్సను ఫాక్సు, రాబర్టు టర్లింగ్టను నోబులు అను నిరువురు దొరలతో నారంభమయ్యెను. ఫాక్సు ఊరూర తిరిగి బోధించి, దేహము చెడి, 1848లో స్వదేశమున మరణించెను. నోబులు 1843లో పాఠశాల పెట్టి, ఒక్కమారైనను ఇంగ్లాండునకు మరలిపోక, 1865లో బందరులోనే కన్నుమూసెను. ఆయన తపస్సును మేము గౌరవింతుము. అయినను ఒక మాట దాచరాదు. ఆ పాఠశాల అగ్రజాతుల బాలురకొఱకు పెట్టబడినది. మన బిడ్డలకు అందు మొదట ప్రవేశము లేకుండెను. 1852లో మంచాల రత్నము, గనుగపాటి కృష్ణయ్య యను విద్యార్థులు బాప్తిస్మము పొందగా పట్టణమంతయు అట్టుడికినట్లుడికెను, బడి దాదాపు ఖాళీయయ్యెను. మిషను చరిత్రలలో ఈ ఘట్టమునకు గొప్ప స్థానము కలదు. మన చరిత్రలో దీనికి చోటు స్వల్పము, ఏలయన ఆ గొడవయంతయు మనము కాలు పెట్టరాని గదులలో జరిగినది.

మనవారి కథ మఱియొక దారిని వచ్చినది. కృష్ణాజిల్లా మెట్టసీమలో రాఘవాపురమను గ్రామము కలదు. అచ్చటి మాలపెద్ద పగోలు వెంకయ్యగారు విగ్రహములను విడిచి, దేవుడొక్కడే యను మాటను మనసున పెట్టుకొని, దారి చూపువారికై వెదకుచుండి, బెజవాడలో డార్లింగు దొరను కలిసికొని 1859లో బాప్తిస్మము పొందిరి. ఆయన వెనుక ఆయన వారు, వారి వెనుక వారి చుట్టములు నడచిరి. మన పల్లెలకు ఈ విశ్వాసము వచ్చినది ఇట్లే. బావ బావకు చెప్పుట, వియ్యపురాలు వియ్యపురాలికి చెప్పుట, పెండ్లికి పోయినవారు పాట నేర్చుకొని వచ్చుట జరిగినది. బందరు, గుడివాడ తాలూకాలలో నిట్లు వ్యాపించుచుండగా, వుయ్యూరు, అవనిగడ్డ కేంద్రములుగా కెనడా బాప్తిస్తు మిషనువారు పనిచేసిరి.

ఇక ఆ దినముల చింతలెట్టివో చెప్పవలెను. 1852 మొదలు 1855 వఱకు బెజవాడయొద్ద కృష్ణకు ఆనకట్ట కట్టబడెను. కాలువలు పాఱెను, మెట్ట మాగాణియయ్యెను, డెల్టా యన్నపూర్ణ యని పేరొందెను. నాటుటయు కోయుటయు నూర్చుటయు మన చేతులతో జరిగినవి. ధాన్యము మాత్రము పెద్దిండ్ల గాదెలలో నిండెను. పాలేరు ఏడాది జీతము ముందుగానే తిని, ఆ బాకీలోనే మఱియొక యేడాదికి తలయొగ్గవలసివచ్చెడిది. ఆడువారు నడుము వంచి నాటి సాయంకాలము కొలిపించుకొని తెచ్చిన గింజలు దంచుకొనిననే ఆ రాత్రి పొయ్యి రాజును. వాన యెక్కువైన పని లేదు, తక్కువైనను పని లేదు. దివిసీమ కాలువల చివరి భూములకు నీరందని యేడు కూలికై ఎగువకు నడచిపోవలెను. ఇంటి కప్పు తాటాకు, నేల చవుడు, త్రాగునీటికి ఊరివారి దయ. వీనికి తోడు పిలిచిన వెంటనే పోకున్న తిట్లు, దండుగలు. ఇట్టి బ్రతుకులో భయము వచ్చి పోవు చుట్టము కాదు. అది ఇంటిలోనే కాపురముండెడిది.

ఆ భయము బలిసెడి సమయము ప్రొద్దుగ్రుంకిన వేళ. పగలు పనిలో మనస్సు నిలుచును. రాత్రి నిద్ర కొంత మఱపించును. చీకటి పడి, పొయ్యి రాజుకొనక, పిల్లలు చుట్టుముట్టినప్పుడు లెక్కలన్నియు ఒక్కమాఱుగా తలకెక్కును. త్రాగుడునకును, ఆలుమగల తగవులకును ఆ గడియయే మొదలు. సరిగా ఆ గడియకే పల్లెలలో గంట మ్రోగెడిది. దీనిని మేము యాదృచ్ఛికమని తలంపము. పగలెల్ల పొలములలో నుండువారికి ఉదయప్రార్థన కుదరదని గ్రహించి ఉపదేశకులు పల్లెలలో సాయంకాల ప్రార్థనను నిత్యకృత్యముగా నెలకొల్పిరి. 1912 డిసెంబరు 29వ తేదిని అభిషిక్తుడై దోర్నకలు బిషప్పయిన అజరయ్యగారు, ఆంగ్లికన్ సంఘమున తొలి భారతీయ బిషప్పు, తమ మండలములోని పల్లెలలో ఈ నియమమును గట్టిగా నిలిపిరి. కొలదికాలమునకు బందరు ప్రాంతపు సంఘములును ఆయన మండలములోనికి వచ్చెను. ఎడ్లబండిమీద పల్లెపల్లెకు తిరిగి, బాప్తిస్మము పొందిన ప్రతివానిచేతను తన తలమీద తన చేయి పెట్టించి, ఈ వార్తను ఇతరులకు చెప్పకుండుట తగదని యొప్పించుట ఆయన వాడుక.

మా బాల్యమున మేము చూచినది వ్రాయుచున్నాము. మా పల్లెలో గంట యనగా వేపకొమ్మకు వ్రేలాడదీసిన రైలుపట్టా ముక్క. పంతులుగారు దానిని ఇనుపకడ్డీతో కొట్టుదురు. లాంతరు వెలిగింతురు. మగవారు కాళ్లు కడుగుకొని తలగుడ్డలు విప్పి ఒక ప్రక్కను, ఆడువారు చంటిబిడ్డలతో మఱియొక ప్రక్కను కూర్చుందురు. తంబుర యొకటి, తాళములు రెండు. పాటలన్నియు మన రాగములే, మన తాళములే. పురుషోత్తమ చౌదరిగారు మొదలుగాగల కవులు వ్రాసిన కీర్తనలు చదువురానివారికిని కంఠస్థము. పిమ్మట దావీదు కీర్తన యొకటి చదువుదురు. కీర్తనల గ్రంథములో చాలభాగము మొఱలేయని చదివినవారెఱుగుదురు. ఎంతకాలము, ఏల మఱచితివి, శత్రువు నన్ను చూచి నవ్వుచున్నాడు అను ధోరణిలో సాగును. ఊరిలో నెవ్వరిని అట్లడుగుటకు వీలులేనివారు దేవుని అట్లడుగవచ్చునని ఆ చదువువలన నేర్చుకొనిరి. ఇది చిన్న సంగతి కాదు.

తరువాత వచ్చునది మాకు ముఖ్యమని తోచును. పంతులుగారు విన్నపము లేవియని యడుగుదురు. అప్పుడు ఒక్కొక్కరు లేచి చెప్పుదురు. ఒకని యెద్దు మేత మానినది. ఒకని కొడుకు కాకినాడ పోయి జాబు వ్రాయలేదు. ఒకామెకు నెలలు నిండినవి, కడుపులో బిడ్డ అడ్డము తిరిగినదని మంత్రసాని చెప్పినది. ఒకనిపై దొంగతనము మోపినారు. పంతులుగారు ఒక్కటియు విడువక పేరుపేరున దేవునికి నివేదింతురు. దేవుడెప్పుడు విన్నాడో మాకు తెలియదు గాని పల్లెయంతయు ఆ క్షణముననే వినెడిది. ప్రార్థన ముగిసి గడియ గడవకముందే ఎద్దు వైద్యము తెలిసినవాడు ఆ యింటికి పోయెడివాడు. నెలలు నిండినామె గుమ్మమున నిరువురు ముసలమ్మలు పరుండెడివారు. చీకటిలో నెవరో తవ్వెడు బియ్యము తెచ్చి వాకిట పెట్టి, పేరు చెప్పకుండ పోయెడివారు. చింత యనునది ఒంటరి గుండెలో నున్నంతవఱకు విషము. పదిమంది చెవిని పడిన పిదప అది పదిమంది పనియయ్యెడిది. విశ్వాసము మనవారి మనఃక్లేశమును తగ్గించినదని చెప్పునప్పుడు మేము తలంచునది ముందుగా ఈ గడియనే.

స్త్రీలు పట్టిన పిడికెడు బియ్యమును గూర్చి వేఱుగ చెప్పవలెను. అన్నము వండునప్పుడెల్ల ఎసటిలో పోయుటకు ముందు ఒక పిడికెడు తీసి ప్రక్క కుండలో వేయుట నియమము. ఆదివారమున ఆ కుండ గుడికి వచ్చును. లేనివారేమి యిత్తురని నవ్వినవారు లేకపోలేదు. మా నాయనమ్మ ఆ కుండను చూపి, మేము అడుగుకొనువారము మాత్రమే కాదు, ఇచ్చువారము కూడ ననెడిది. నిత్యము పుచ్చుకొనుచు తలవంచిన చేయికి ఇచ్చుటవలన కలిగెడి నిబ్బర మెట్టిదో అనుభవించినవారికే తెలియును. అజరయ్యగారి సతీమణి అన్బు అమ్మగారు మండలములో తల్లుల సంఘమును నెలకొల్పిరి. నేడు స్త్రీల మైత్రి సంఘములందును, శుక్రవారపు ఉపవాసప్రార్థనలందును మన స్త్రీలు కూడి చెప్పుకొనునవి చాలభాగము ఆనాటి విన్నపములవంటివే.

ఆదివారపు విరామము మాటకు వచ్చుచున్నాము. కృష్ణకు ఆవలి ఒడ్డున ఒంగోలులో క్లౌ దొర మాదిగలకు బోధించునప్పుడు మూడు నియమములు విధించెను: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశుమాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. 1878 జూలై 3వ తేదిని గుండ్లకమ్మ యొద్ద 2,222 మందికి బాప్తిస్మమిచ్చుట జగత్ప్రసిద్ధము. ఈ నియమములలో రెండవది, మూడవది మతవిషయములు. మొదటిది మాత్రము కూలివిషయము. కోతలకాలమున పాలేరు ఆదివారము రానన్నచో కామందు ఊరకుండునా? తెలుగు మిషను పల్లెలలో నెల్ల దీనివలన తగవులు పుట్టెను, జీతములు తెగెను, దెబ్బలు పడెను. అయినను వారమున కొక దినము తన కాలము తనదే యని నిలిచినవాని వెన్ను నిటారుగా నుండును. ఈ విరామముకొఱకు మనవారు పడిన పాట్లను కార్మికచరిత్రకారులు ఇంతగా విస్మరించుట మాకు వింతగా నున్నది.

అక్షరముల సంగతియు నట్టిదే. పంతులుగారు పగలు పిల్లలకు అ, ఆ లు దిద్దించి, సాయంకాలము పెద్దలకు జాబులు చదివిపెట్టెడివారు. మా యింట చెప్పుకొను కథ యొకటి కలదు. మా తాతగారు పదునాఱు రూపాయల అప్పునకు వ్రేలిముద్ర వేయబోవుచుండగా, అచ్చటికి వచ్చిన పంతులుగారు కాగితము చదివి, అందు అఱువదియని యున్నదని చెప్పిరట. ఆ కాగితము వ్రాసినవారి పేరు మాకు తెలియును, ఇచ్చట ప్రస్తావింపము. ఆనాటినుండి తాతగారు తన పిల్లలలో నొక్కరినైనను బడి మాన్పింపలేదు. వేదపుస్తకము చదువుటకై నేర్చిన యక్షరములు ప్రామిసరీనోటును కూడ చదివినవి. నిద్ర పట్టించు ప్రార్థనలలో నిదియు నొకటి యని మా పంతులుగారు నవ్వుచు ననెడివారు.

తుపానులను గూర్చి వ్రాయక దిగువ కృష్ణాసీమ చరిత్ర పూర్తి కాదు. 1864 నవంబరు 1వ తేది రాత్రి బందరుమీదికి సముద్రము వచ్చెను. ఉప్పునీరు కొన్నియెడల పదిమైళ్లకు మించి లోనికి చొచ్చుకొనిపోయెను. మృతులు సుమారు 30,000 మంది యని లెక్క. మిషను బాలికాపాఠశాలలోని పిల్లలు పలువురు ఆ రాత్రియే కొట్టుకొనిపోయిరి. ఆ దినము సంఘపంచాంగమున సకలపరిశుద్ధుల దినము. మరునాడు మృతులను స్మరించు సమాధుల పండుగ. బందరు క్రైస్తవులు ఆ పండుగనాడు సమాధులమీద దీపములు పెట్టునప్పుడు ఆ రెండు తేదులు ఒకటిమీద నొకటి వచ్చినవని తెలిసినవారు కొందరైనను కలరు.

నూటపదమూడేండ్లకు పిమ్మట, 1977 నవంబరు 19వ తేది శనివారమున, దివిసీమ వంతు వచ్చెను. ఐదాఱు మీటర్ల యెత్తున ఉప్పెన లేచి నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతములమీద పడెను. పదివేలకు మించి ప్రాణములు పోయెను. సొర్లగొంది, పాలకాయతిప్ప మొదలైన తీరపుటూళ్ల పేర్లు లోకమంతటికిని అప్పుడే తెలిసినవి. మండలి వెంకటకృష్ణారావుగారు శవములనడుమ తిరిగి చేసిన సేవను ఆ సీమ మఱువలేదు. మదరు థెరిసాగారు వచ్చిరి. క్రైస్తవసంస్థలును, హిందూసంస్థలును, విద్యార్థులును, దూరదేశములవారును చేయి వేసిరి. ఆ శనివారపు మరునాడు ఆదివారము. బ్రతికినవారు కూడుకొనుటకు కప్పు లేదు, గంట లేదు. ఆ వారములలో తాము చేసినది ఒక్కటేయని దివివారు మాతో చెప్పిరి. చీకటి పడగానే మిట్టమీద కూర్చుండి, పోయినవారి పేర్లు ఒక్కొక్కటిగా చదువుకొనిరట. పాట పాడుటకు గొంతు రాలేదట, పేర్లు మాత్రము చదివిరట. నిత్యము సాయంకాలము విన్నపములు పేరుపేరున చెప్పుకొను నలవాటు లేనివారికి ఆ పని చేతనగునా యని మాకు సందేహము.

విశ్వాసముపేర జరిగిన కీడును కూడ చెప్పనియెడల మేము చరిత్ర వ్రాసినవారము కాము. మా పల్లెలో నొకయేడు పొట్టమీదనున్న వరి నీట మునిగి, దిగులుతో మంచముపట్టిన యొక తల్లిని చూచి, బయటనుండి వచ్చిన బోధకుడొకడు, నీ విశ్వాసము చాలకపోవుటవలననే నీకీ దిగులని మందలించెను. ఆమె దిగులునకు పాపభీతియు తోడయ్యెను. పిదప ఆమెను పట్టణమునకు కొనిపోయి వైద్యునకు చూపగా, కొన్ని నెలల మందుతో లేచి తిరిగెను. ప్రార్థనయు మానలేదు. మనోవ్యాధి కూడ జ్వరమువలె వ్యాధియే. దానికి వైద్యుని పిలుచుట అవిశ్వాసమని చెప్పువారి మాట వినవలదని మన సోదరసోదరీమణులను వేడుచున్నాము. మఱియొక కీడు మన చేతులారా చేసికొన్నది. ఒకే ప్రభువునకు మ్రొక్కుచు మాలపల్లెకు ఒక గుడియు, మాదిగపల్లెకు మఱియొక గుడియు కట్టుకొంటిమి. పెండ్లిసంబంధములయందును, సంఘపెద్దలను ఎన్నుకొనుటయందును ఈ గోడ లేవక మానలేదు. ఊరు మనకు పెట్టిన దూరమును మనము మనలో పెట్టుకొంటిమి. 1947 సెప్టెంబరు 27న వేఱువేఱు మిషనుల సంఘములు కలిసి దక్షిణ ఇండియా సంఘమైనప్పుడును ఈ గోడ కూలలేదు.

ఇక చట్టము తెచ్చిన చింత. 1950లో రాష్ట్రపతి యుత్తరువువలన షెడ్యూల్డు కులముల హక్కు హిందువులకే పరిమితమయ్యెను. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును అది విస్తరింపబడెను. క్రైస్తవులకు రాలేదు. మన రాష్ట్రమున మతము మారినవారిని వెనుకబడిన తరగతులలో ‘సి’ వర్గమున చేర్చిరి. తత్ఫలితముగా మన పల్లెలలో రెండు పేర్లవారు పుట్టిరి: గుడి పుస్తకమున ఏసుదాసు, బడి పుస్తకమున వెంకటేశ్వర్లు. వంచకులని వారిని నిందించుట సులభము. బాప్తిస్మము పొందినవానిని ఊరు అంటరానివానిగనే చూచుచుండగా, కాగితము మాత్రము నీ యంటు పోయినదనుచున్నది. తహసీలుదారు విచారణకు వచ్చు దినమున గోడమీది సిలువ తీసి పెట్టెలో పెట్టు నింటివారి గుండెదడ ఎట్టిదో మేము కన్నులార చూచితిమి. విశ్వాసము చింతను తీర్చునన్న యింటనే విశ్వాసము చింతగా మాఱినది. 2022లో కేంద్రప్రభుత్వము బాలకృష్ణనుగారి కమిషనును నియమించెను. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళితక్రైస్తవులకు ఆ హక్కు నీయవలెనని తీర్మానించెను. హిందువులైన మన సోదరులలో కొందరికి తమ భాగము తగ్గునను భయము కలదు. ఆ భయమును తేలికగా కొట్టివేయరాదు. దీనిని గూర్చి మన మహాసభలో నెమ్మదిగా, ఎదురెదుట కూర్చుండి మాటలాడుకొనవలెను. గోడచాటున గుసగుసలాడుకొనిన పని జరుగదు.

ఇప్పుడు మా పల్లెలో గుడికి మైకు వచ్చినది. పిల్లలు హైదరాబాదునను, కువైటునను పనులలో నున్నారు. డిసెంబరు 31వ తేది రాత్రి వాగ్దానపు కార్డు తీయు సమయమున, ఊరిలో లేనివారి పేర కార్డులను తల్లులు తీసి, ఫోనులో చదివి వినిపింతురు. రైలుపట్టా ముక్క వేపచెట్టుననే యున్నది, కొమ్మ లావై దాని కొక్కెమును మ్రింగివేసినది. మొన్న సంక్రాంతికి పోయినప్పుడు చూచితిమి. సాయంకాలము పదునొకండుగురు వచ్చిరి, వారిలో తొమ్మండుగురు స్త్రీలు. విన్నపము లేవియని యడుగగా ఒక ముసలామె లేచి, మనుమనికి పరీక్ష రేపనియు, వానికి మూడుదినములుగా నిద్ర లేదనియు చెప్పెను. పంతులుగారు వాని పేరడిగి వ్రాసికొనిరి.